రోజూ బైబిల్ చదవడం అలవాటు కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి

అందరికీ వందనాలు. మొన్న మా సంఘంలో యవ్వనస్థుల కూడిక అయ్యాక ఒక తమ్ముడు నా దగ్గరికొచ్చి "అక్కా, ప్రతి సంవత్సరం జనవరి ఒకటిన మొదలుపెడతాను, ఫిబ్రవరి వచ్చేసరికి ఆగిపోద్ది, నాలో అసలు భక్తే లేదేమో అనిపిస్తుంది" అన్నాడు. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే చాలా ఏళ్ళు నేను కూడా నా గురించి అచ్చం ఇలాగే అనుకున్నాను, కాకపోతే ఎవరికీ చెప్పుకోలేదు. ఆ తమ్ముడికి ఆ రోజు గుడి మెట్ల మీద నిలబడి పది నిమిషాలు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుందని.

ముందు లెక్క చూద్దాం. బైబిల్లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు, అందులో పాత నిబంధన 929, కొత్త నిబంధన 260. మనం ఏం చేస్తాం, డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని ఒక వచనం రాసి ఇచ్చే వాగ్దానం కార్డు తీసుకుని, ఆ సంతోషంలో రేపటి నుంచి రోజుకి మూడు అధ్యాయాలు అని తీర్మానం చేసేసుకుంటాం. ఆదికాండం 50, నిర్గమకాండం 40, కలిపి 90, అంటే సరిగ్గా 30 రోజులు. జనవరి 31న లేవీయకాండంలోకి వస్తాం. అప్పటికే నిర్గమకాండం 25 నుంచి ప్రత్యక్షపు గుడారం మూరలు, తెరలు, కొలుకులు, దిమ్మలు చదివి చదివి అలిసిపోయి ఉంటాం, ఇప్పుడు దహనబలి, నైవేద్యం, క్రొవ్వు, మూత్రగ్రంథులు, 13వ అధ్యాయం దగ్గరికొచ్చేసరికి 59 వచనాలు కుష్ఠు మచ్చల గురించే. అక్కడ ఒక రోజు తప్పుతుంది, మర్నాడు ఆరు అధ్యాయాలు బాకీ, ఆ మర్నాడు తొమ్మిది. ఆ తమ్ముడు ఆగిపోయింది కూడా సరిగ్గా అక్కడే, అడిగితే చెప్పాడు. లేవీయకాండం విలువ లేనిదని నేను అనట్లేదు, సువార్తలు చదివి, హెబ్రీ పత్రిక చదివి అప్పుడు దానిలోకి వెళ్తే ప్రతి బలి వెనకా సిలువ కనపడుతుంది, కానీ అలవాటు ఇంకా పడని మనిషిని మొదటి నెలలోనే అక్కడ ఒంటరిగా వదిలేయకూడదు.

కాబట్టి మార్కు సువార్తతో మొదలుపెట్టండి. నాలుగు సువార్తల్లో చిన్నది, 16 అధ్యాయాలే, రోజుకి ఒకటి చొప్పున రెండు వారాల మీద రెండు రోజులు. గబగబా నడుస్తుంది, మొదటి అధ్యాయంలోనే బాప్తిస్మం, అరణ్యం, జాలరుల్ని పిలవడం, సమాజమందిరంలో అపవిత్రాత్మ పట్టిన మనిషి, సీమోను అత్త జ్వరం, కుష్ఠరోగి, ఇన్ని ఉన్నాయి 45 వచనాల్లో. "వెంటనే" అనే మాట ఆ అధ్యాయంలో ఎన్నిసార్లు వస్తుందో పెన్సిల్‌తో గీత గీసుకుంటూ చదవండి, ఊరికే కళ్ళు పరిగెత్తకుండా ఆ పెన్సిల్ మనల్ని పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు అసలు విషయం, నాకు అలవాటు ఎలా పడిందో చెప్తాను. నా పట్టుదల వల్ల కాదు, మా నాన్నమ్మ వల్ల.

మా నాన్నమ్మది బాపట్ల వైపు సముద్రపు ఒడ్డు ఊరు, వాళ్ళ నాన్న వేటకెళ్ళేవాడు. బడికి వెళ్ళింది లేదు, అక్షరాలు నేర్చుకుందే బైబిల్ చదవడానికి. పెద్దయ్యాక కళ్ళు మసకబారిపోయి అక్షరాలు కనపడక, బైబిల్ ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నేను బి.ఇడి. అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న రోజుల్లో ఒక రాత్రి అన్నాలయ్యాక "అమ్మాయ్, కాస్త చదివి పెట్టవే" అంది. సరే ఒక్క అధ్యాయమే కదా అని చదివాను. మర్నాడు రాత్రి నేను గిన్నెలు కడిగి వచ్చేసరికి మంచం మీద ఒక పక్కకి జరిగి నాకు చోటు వదిలి కూర్చుని ఉంది. మూడో రోజు, నాలుగో రోజు కూడా అంతే. ఒంట్లో బాగోకపోయినా, నిద్రొస్తున్నా, ఆ వదిలిన చోటు చూస్తే వెళ్ళకుండా ఉండలేకపోయేదాన్ని. అలా మార్కు అయింది, లూకా అయింది, రూతు, యోనా, కీర్తనలు అయ్యాయి, ఎప్పుడు అలవాటైపోయిందో నాకు తెలియనే లేదు.

ఒక రాత్రి మార్కు 4వ అధ్యాయంలో, యేసు ప్రభువు శిష్యులతో దోనెలో వెళ్తుంటే వచ్చిన తుపాను దగ్గర నేను గడగడా చదివేస్తుంటే "ఆగాగు, ఆయన ఎక్కడ పడుకున్నాడన్నావు?" అంది. మళ్ళీ చూసి చదివాను, "ఆయన దోనె అమరమున తలగడమీద నిద్రించుచుండెను" అని. అమరం అంటే ఏంటో నాకు తెలీదు, ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు కూడా, ఎన్నోసార్లు వినేసిన వాక్యం కదా. నాన్నమ్మ చెప్పింది, అమరం అంటే పడవకి వెనక కొస, చుక్కాని పట్టేవాడు ఉండే చోటు అని. చెప్పి కాసేపు ఆగి "అయితే చుక్కాని పక్కనే పడుకున్నాడన్నమాట" అంది. అంతే, ఇంకేం అనలేదు. ఆ తర్వాత ఆ కథ నాకు మళ్ళీ పాత కథలా లేదు. ఇప్పటికీ ఇంట్లో ఏదైనా కష్టం వచ్చినప్పుడు నాకు ముందు ఆ మాటే గుర్తొస్తుంది.

అందుకే నేను ఎవరు అడిగినా మొదట చెప్పేది ఒకటే, ఒంటరిగా మనసులో చదువుకోకండి, ఎవరికైనా చదివి పెట్టండి, గట్టిగా. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళకి, పిల్లలు ఉంటే వాళ్ళకి, భార్యాభర్తలు ఒకరికొకరు. హాస్టల్లో ఉంటే ఫోన్లో అమ్మకి. ఇదేమీ కొత్త పద్ధతి కాదు, బైబిల్ కాలంలో చదవడం అంటేనే ఇది. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు రథం మీద యెషయా గ్రంథం చదువుతుంటే ఫిలిప్పు పరిగెత్తుకొచ్చి విన్నాడని ఉంది, విన్నాడంటే ఆయన పైకి చదువుతున్నాడనే కదా. అప్పుడే "నీవు చదువునది గ్రహించుచున్నావా" అని అడగడం కుదిరింది. నెహెమ్యా 8లో ఎజ్రా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా జనం ముందు చదివాడు, లేవీయులు అర్థం చెప్పారు. ప్రకటన 1:3 చూడండి, చదివేవాడు ఒక్కడు, వినేవాళ్ళు చాలామంది, అందరూ ధన్యులే.

వినేవాళ్ళు ఎదురుగానే ఉండాలని లేదు. మా పిన్ని కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది, పొద్దున్నుంచి రాత్రి దాకా పనే, కూర్చుని పుస్తకం తెరిచే వీలుండదు. నాన్నమ్మ చనిపోయాక నేను రాత్రి తొమ్మిదింటికి ఒక అధ్యాయం చదివి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాను, అక్కడ అప్పుడు సాయంత్రం ఆరున్నర, వంటగదిలో పని చేసుకుంటూ వింటుంది. ఒక రోజు పెట్టకపోతే "ఏమ్మా, ఒంట్లో బాలేదా" అని మెసేజ్ వస్తుంది. ఆ ఒక్క మెసేజ్ నన్ను ఇన్నాళ్ళు నిలబెట్టింది. మీకూ అలాంటి వాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో, పక్క వీధిలోనో. ఒక్కరిని ఎంచుకోండి చాలు. పెద్ద గ్రూపు పెట్టకండి, అరవై మందికి పంపితే ఎవరూ ఎదురుచూడరు, ఒక్కరికి పంపితే ఎదురుచూస్తారు.

ఎప్పుడు చదవాలి అని అడుగుతారు. తెల్లవారుజామున లేచి చదివేవాళ్ళని చూసి మనం కూడా నాలుగింటికి అలారం పెట్టుకుంటాం. మార్కు 1:35లో యేసు ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకి వెళ్ళాడు, నిజమే, ఆ వేళలో ఉండే నెమ్మది వేరు, కుదిరినవాళ్ళు తప్పకుండా చేయండి. కానీ రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మలు, పొద్దున్నే ఆరింటికి పిల్లల బాక్సులు కట్టే తల్లులు, వాళ్ళకి ఆ లెక్క కుదరదు, కుదరలేదని మనసులో నిందించుకోవడం అసలు అక్కర్లేదు. మొదటి కీర్తనలో దివారాత్రము ధ్యానించువాడు ధన్యుడు అని ఉంది కదా, రాత్రి కూడా అందులో ఉంది. గడియారం చూసి టైమ్ పెట్టుకునే బదులు, రోజూ ఎలాగూ చేసే ఒక పని పక్కన దీన్ని పెట్టండి. రాత్రి గిన్నెలు కడగడం అయ్యాక, లేదా పొద్దున టీ పెట్టుకుని కూర్చున్నప్పుడు, లేదా ఆఫీస్ బస్సు ఎక్కగానే. నాకు గిన్నెలు. ఇప్పటికీ చివరి గిన్నె బోర్లించగానే చెయ్యి తుడుచుకుని బైబిల్ దగ్గరికే వెళ్తాను.

బైబిల్ కూడా ఆ పని జరిగే చోటే ఉండాలి. మనలో చాలామంది ఆదివారం గుడి నుంచి రాగానే జిప్ కవర్లో పెట్టి బీరువా మీద పెట్టేస్తాం గౌరవంగా, మళ్ళీ శనివారం రాత్రే దించుతాం. కవర్ తీసేసి, దిండు పక్కనో డైనింగ్ టేబుల్ మీదో తెరిచి పెట్టండి. ఫోన్లో చదవడం తప్పు కాదు, యూవర్షన్ యాప్‌లో తెలుగు ఉంది, బైబిల్ డాట్ ఈజ్‌లో తెలుగు ఆడియో కూడా ఉంది, ప్రయాణాల్లో నేనూ వింటాను. కానీ అలవాటు పడే మొదటి రెండు మూడు నెలలు మాత్రం కాగితం బైబిలే మేలని నా అభిప్రాయం, ఫోన్లో ఒక వచనం అయ్యేలోపు పైనుంచి ఏదో ఒక నోటిఫికేషన్ జారుతుంది, వేలు దానిమీదకే పోతుంది.

ఇంక భాష. చాలామంది పిల్లలు, ముఖ్యంగా ఇంగ్లీష్ మీడియం పిల్లలు, బైబిల్ సొసైటీ వాళ్ళ పాత అనువాదం తెరిచి "ఏలయనగా", "గనుక", "చేయుచుండెను" చూసి మూసేస్తున్నారు. వాళ్ళని తప్పు పట్టలేం. ఇప్పుడు తేలిక తెలుగులో ఈజీ టు రీడ్ వెర్షన్ ఉంది, సమకాలీన అనువాదం ఉంది, ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ ఉంది, ఫోన్లో డబ్బులు కట్టకుండానే చదవొచ్చు. నేను చేసేది ఏంటంటే పాతది గట్టిగా చదువుతాను, అర్థం కాని చోట తేలిక తెలుగుది తెరిచి చూస్తాను. పాతది వదలొద్దని ఎందుకంటానంటే, అందులో లయ ఉంది, నోటికి పడుతుంది. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అనేది ఒక్కసారి వింటే చాలు, ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడ్డప్పుడు దానంతటదే వస్తుంది. పైగా ఈ తెలుగు మన చేతికి ఊరికే రాలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి మార్చడం మొదలుపెట్టారు, 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు చనిపోయారు, 1812లో శ్రీరాంపూర్‌లో అవి అచ్చయ్యేసరికి ఇద్దరూ లేరు. తెలుగు సువార్త చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఒక్కోసారి వాళ్ళు గుర్తొస్తారు.

చదివే పద్ధతి సింపుల్‌గా ఉండాలి. చిన్న ప్రార్థన, ఒక్క వాక్యం చాలు, "ప్రభువా నాతో మాట్లాడు" అని. తర్వాత అధ్యాయం గట్టిగా, మధ్యలో ఆపకుండా. అయ్యాక మనసుని పట్టుకున్న ఒక్క వచనం మాత్రం మళ్ళీ చదివి, తారీఖు వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. పక్కన వ్యాఖ్యానం ఏమీ రాయకపోయినా పర్లేదు. నా పాత నోట్‌బుక్ తిరగేస్తే ఒక పేజీలో వరుసగా నాలుగు రోజులు విలాపవాక్యములు 3వ అధ్యాయమే ఉంది, నాన్నమ్మ ఆసుపత్రిలో ఉన్న వారం అది, "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది" అని నాలుగు రోజులూ అదే వచనం రాసుకున్నాను. ముందుకి వెళ్ళలేకపోయాను ఆ వారం. వెళ్ళకపోయినా అది చదవడమే.

ఒకటి మాత్రం మానేయండి, కళ్ళు మూసుకుని బైబిల్ తెరిచి వేలు ఎక్కడ పడితే అది ఈరోజు నా వాక్యం అనుకోవడం. వాగ్దానం కార్డు మీద వచ్చిన వచనాన్ని కూడా కార్డు మీదే వదిలేయకండి, దాని అధ్యాయం మొత్తం చదవండి. యిర్మీయా 29:11 కార్డుల మీద ఎంత ఎక్కువ వస్తుందో మీకు తెలుసు, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని. దాని పైన వచనంలో డెబ్బై సంవత్సరాలు అని ఉంది. బబులోనుకి చెరపట్టబడి పోయిన వాళ్ళకి రాసిన ఉత్తరం అది, అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి అని చెప్తూ ఆ మాట అన్నాడు దేవుడు. ఉద్యోగం రాక రెండేళ్ళు ఎదురుచూసిన నాకు ఆ డెబ్బై సంవత్సరాల సంగతి తెలిశాకే ఆ వాగ్దానం నిజంగా ఆదరణ ఇచ్చింది, ఆలస్యం అయినంత మాత్రాన ఆయన మర్చిపోయాడని కాదని.

రోజు తప్పితే ఏం చేయాలి? తప్పుతుంది, పెళ్ళిళ్ళు ఉంటాయి, జ్వరాలు ఉంటాయి. నిన్నటి బాకీ తీర్చకండి. ఈరోజు అధ్యాయం ఈరోజు చదవండి, అంతే. నిర్గమకాండం 16లో దేవుడు అరణ్యంలో ఇశ్రాయేలీయులకి ఆహారంగా ఇచ్చిన మన్నాని ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు, దాచిపెట్టుకున్నది పురుగులు పట్టి కంపు కొట్టింది. ఎక్కువ ఏరుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ ఏరుకున్నవాడికి తక్కువ కాలేదు. యాప్‌లో వరుసగా ఎన్ని రోజులు చదివామో చూపించే అంకె ఉంటుంది చూశారా, అది మళ్ళీ సున్నాకి పడిపోయిందని చదవడమే మానేసిన వాళ్ళు నాకు తెలుసు, ఆ అంకె కనపడకుండా ఆఫ్ చేసేసుకోండి, లేదంటే దాన్ని పట్టించుకోకండి. ఒక రోజు తప్పడం ఫర్వాలేదు, రెండో రోజు మాత్రం ఎలాగైనా తెరవండి, కనీసం 117వ కీర్తన అయినా, రెండే వచనాలు.

మార్కు అయ్యాక ఏంటి అంటే, యోహాను 21 అధ్యాయాలు, మూడు వారాలు. ఆ తర్వాత పొద్దున పూట సామెతలు కలుపుకోండి, 31 అధ్యాయాలు కాబట్టి ఏ తారీఖుకి ఆ అధ్యాయం, వెతుక్కునే పని లేదు. కీర్తనలు ఇష్టమైన వాళ్ళకి ఇంకో లెక్క ఉంది, తారీఖుకి 30 కలుపుతూ పోవడం, ఇవాళ 7 అయితే 7, 37, 67, 97, 127, అలా నెలలో 150 అయిపోతాయి. 29వ తారీఖున 119వ కీర్తన తగుల్తుంది, 176 వచనాలు, అది ఆ రోజు వదిలేసి 31న చదువుకోండి, లేదా ఆలెఫ్, బేత్ అని 22 భాగాలు చేసి ఉంటుంది కదా, ఒక్కోటి ఎనిమిదేసి వచనాలు, రోజుకో భాగం వేరేగా పెట్టుకోండి.

కొత్త నిబంధన మొత్తం ఒక సంవత్సరంలో కావాలంటే వారానికి అయిదు రోజులు, రోజుకి ఒక్క అధ్యాయం, 52 వారాలకి సరిగ్గా 260. శని, ఆది ఖాళీ, ఏదైనా తప్పినా అక్కడ సర్దుకోవచ్చు. మొదటి సంవత్సరానికి ఇంతకు మించి పెట్టుకోవద్దని గట్టిగా చెప్తాను. మొత్తం బైబిల్ తర్వాతి సంవత్సరం చూసుకోవచ్చు, రోజుకి మూడు, ఆదివారం అయిదు అని పెద్దవాళ్ళు చెప్పే లెక్క సరిపోతుంది, ఇంకో ఏడు అధ్యాయాల చోటు మిగులుతుంది కూడా. స్కాట్లాండ్‌లో డండీ పాస్టర్ రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం ఒక పట్టిక తయారు చేశాడు, రోజుకి నాలుగు అధ్యాయాలు, సంవత్సరంలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధనా కీర్తనలూ రెండేసి సార్లు. ఇప్పటికీ చాలామంది వాడతారు. ఆ పట్టికతో పాటే దాని ప్రమాదాలు కూడా రాశాడాయన, మొక్కుబడిగా చదివేయడం, అజాగ్రత్తగా చదవడం, మోయలేని భారం అయిపోవడం. పట్టిక పెట్టుకునే వాళ్ళు ఈ మాట కూడా గుర్తుపెట్టుకోండి.

పిల్లలున్న ఇంట్లో కుటుంబ ప్రార్థన అప్పుడే దీన్ని కలిపేయండి, పిల్లలకి ఒక్కొక్కరికి మూడు నాలుగు వచనాలు ఇచ్చి చదివించండి, తడబడితే ఆగండి, వెంటనే సరిచేయకండి. వాళ్ళు అడిగే ప్రశ్నలకి జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, ఆదివారం అయ్యగారిని అడుగుదాం అని రాసి పెట్టుకోండి. మా అక్క కొడుకు అదే తుపాను కథ విని "మరి తలగడ ఎవరిది" అని అడిగాడు, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

మొదలుపెట్టడానికి ఆదివారం దాకా, ఒకటో తారీఖు దాకా ఆగకండి. ఇవాళ రాత్రే బైబిల్ కవర్లోంచి తీసి, మార్కు మొదటి అధ్యాయం దగ్గర రిబ్బన్ పెట్టి, పక్కన పెన్సిల్ పెట్టండి. ఎవరికి చదివి పెడతారో వాళ్ళకి ఇప్పుడే ఒక ఫోన్ చేసి, "రేపు రాత్రి నుంచి రోజూ ఒక అధ్యాయం చదివి పంపిస్తాను, రాకపోతే అడుగు" అని చెప్పేయండి.